బరాత్ నడిచిన బాట

సోమవారం పొద్దున పాల క్యాన్లు టీవీఎస్ బండికి కట్టుకుని ఊటబాయి నుంచి బయలుదేరిన తాహెరా, పెద్ద గుండు దగ్గరికి వచ్చేసరికి గట్టిగా బ్రేకు వేసింది. ముందు రోజు సాయంత్రం దాకా ఖాళీగా ఉన్న బండ్ల బాటకు అడ్డంగా సిమెంటు స్తంభాలు లేచి నిలబడ్డాయి. స్తంభాల మధ్య పలకలు కూడా దిగిపోయాయి. ఒక్కచోట మాత్రం ఆరడుగుల సందు వదిలారు. ఆమె బండి అయితే పడుతుంది. ట్రాక్టరు పట్టదు, నీళ్ల ట్యాంకరు పట్టదు, అంబులెన్సు అసలే పట్టదు.

శామీర్‌పేట దాటి మేడ్చల్ వైపు పోయే రోడ్డు మీంచి కిలోమీటరు లోపలికి వస్తే ఊటబాయి. పద్దెనిమిది ఇళ్లు. సగం మంది గొర్లు, బర్లు సాకుతారు, మిగతా సగం చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనికి పోతారు. రోడ్డుకూ ఆ పద్దెనిమిది ఇళ్లకూ మధ్య ఉన్న పొలాలన్నీ రెండేళ్ల కింద ఒక కంపెనీ కొని ప్లాట్లు చేసింది. ఏనుగంత బండరాయి, ఆ పెద్ద గుండు మీద తెల్ల సున్నం కొట్టి, ఎర్ర రంగుతో వెంచర్ పేరు రాయించింది. పేరు రాసినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. బాట జోలికి రానంతవరకు ఎవరి పని వాళ్లది.

"ఏంది వీరేందర్, గిది?" అని అడిగింది తాహెరా. సైటు సూపర్‌వైజర్ వీరేందర్ ఆమెకు తెలిసినవాడే. రోజూ ఆమె దగ్గరే పాలు పోయించుకుంటాడు.

"నాదేముందక్కా, ఆఫీసోళ్లు చెప్పిండ్రు. వెంచర్ సుట్టూ గోడ రావాలన్నరు. లేబర్ తిరగాలె గద, అందుకని శుక్రవారం దాకా గా ఒక్క సందు ఇడిచిపెట్టినం. శుక్రవారం పనైపోంగనే అది గూడ మూస్తం."

"మూస్తే మేమెట్ల రావాలె? ఎగిరి దుంకాల్నా?"

"చెరువు కట్ట మీదికెళ్లి తిరిగి రాండ్రి." వీరేందర్ ఆమె ముఖంలోకి చూడకుండా అన్నాడు. "అసలు గీడ బాటే లేదంట అక్కా. రెండేండ్ల సంది కంపెనీ పోనిస్తే మీరు పోతున్నరంట. నాకు గట్లే చెప్పమన్నరు."

రెండేళ్లట! మచ్చ బొల్లారం నుంచి ఈ గడ్డకు తాహెరా కోడలిగా వచ్చి ఇరవై ఆరేళ్లు దాటింది. అంతకు ముందు ఎన్ని తరాల నుంచి ఎడ్ల బండ్లు తిరిగితే ఈ నేల ఇంత గట్టిపడిందో ఎవరికి తెలుసు? చెరువు కట్ట మీదుగా పోవాలంటే నాలుగు కిలోమీటర్లు. వాన పడితే అదీ ఉండదు.

ఆ సాయంత్రం ఊటబాయిలో అందరూ ఒకచోట చేరారు. ఒకరు నాయకుడికి ఫోన్ చేద్దామన్నారు, చేశారు, ఎత్తలేదు. ఇంకొకరు గోడ పగలగొడదామన్నారు. పగలగొడితే కేసు మన మీదే అవుతుందని తాహెరా భర్త వహాబ్ వద్దన్నాడు. మేకలు కొని అమ్మే వహాబ్ మెల్లగా మాట్లాడే మనిషి. అరుపులంటే గిట్టదు.

అప్పుడు సుక్కమ్మ లేచింది. డెబ్బై ఏళ్ల మనిషి. ఆమెది తాహెరా ఇంటికి ఎదురిల్లు.

"మొన్న ఉపాధి పనికాడికి కోర్టోళ్లు వచ్చి మీటింగు పెట్టిండ్రు. లేనోళ్లకు వకీలును వాళ్లే పెడ్తరంట. పైసా తీసుకోరంట. గీ కాయితమిచ్చిండ్రు," అని కొంగుముడి విప్పి, చెమటకు మెత్తబడిన కరపత్రం తీసి తాహెరా చేతిలో పెట్టింది. "నాకు సదువు రాదు. నువ్వు సదువు."

తాహెరా చదివింది. మేడ్చల్ కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవా కార్యాలయం. పేదలకు, ఆడవాళ్లకు ఉచితంగా న్యాయ సహాయం. భూమి తగాదాలు, దారి తగాదాలు కూడా.

"పైసల్ తీస్కోకుంట వకీలు మంచిగ కొట్లాడ్తడా?" అని ఎవరో అనుమానపడ్డారు.

"చూస్తే తెలుస్తది," అంది తాహెరా. "సుక్కవ్వా, రేపు పొద్దుగాల తయారుండు."

*

మంగళవారం పదిన్నరకల్లా ఇద్దరూ మేడ్చల్ కోర్టులో ఉన్నారు. నల్లకోట్ల మధ్య నుంచి, టైపు మిషన్ల మధ్య నుంచి దారి అడుగుతూ అడుగుతూ ఒక చిన్న గదికి చేరారు. బల్ల వెనక కూర్చున్న అమ్మాయికి ముప్పై ఏళ్లుంటాయేమో. పేరు సుస్మిత. న్యాయ సేవా సంస్థ తరఫున కేసులు చూసే వకీలు.

తాహెరా కుర్చీ అంచున కూర్చుని, "మేడం, ఫీజెంతైతదో ముందుగాల్నే చెప్పుండ్రి," అంది.

"ఫీజు లేదమ్మా. కోర్టు ఫీజు కూడా మీరు కట్టక్కర్లేదు. ఆడవాళ్లు వస్తే ఆదాయం ఎంతని కూడా అడగం. మీకు ఇది హక్కు, దయ కాదు."

సుక్కమ్మ ముఖం వెలిగిపోయింది. "చూసినవా బిడ్డా? ఫ్రీ బస్సుల వచ్చి ఫ్రీ వకీలును పట్టినం!"

సుస్మిత పకపకా నవ్వింది. ఆ నవ్వుతో తాహెరా భయం సగం పోయింది. ఆ తర్వాత గంటసేపు ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నలకు ఇద్దరికీ ఊపిరాడలేదు. బాట వెడల్పెంత? ఎడ్ల బండి పోతుంటే ఎదురుగా జీపు వస్తే తప్పుకోవచ్చా? మలుపు ఎక్కడ? గుండుకు కుడివైపా, ఎడమవైపా? అడుగుతూనే తెల్ల కాగితం మీద బొమ్మ గీసింది. అటెండరును పంపి ఊరి నక్షా నకలు తెప్పించి బల్ల మీద పరిచింది. దాని మీద వేలు పెట్టి నడిపిస్తూ నడిపిస్తూ ఒకచోట ఆగింది.

"ఇక్కడే వచ్చింది చిక్కు. నక్షాలో బండ్ల బాట రోడ్డు నుంచి కాలువ దాకే ఉంది. కాలువ నుంచి గుండు మీదుగా మీ ఇళ్ల దాకా గీత లేదు. వాళ్లు దాన్నే పట్టుకుంటారు. అందుకే రెండేళ్లు అంటున్నారు."

"అబద్ధం మేడం! గీ సుక్కవ్వ యాభై ఏండ్ల సంది ఉండేదే గాడ. అడుగుండ్రి!"

"అడుగుతాను. ఆమె చెప్పింది రాసి అఫిడవిట్ వేస్తాను. ఎవరూ ఆపకుండా ఇరవై ఏళ్లు ఒక దారిని హక్కుగా వాడుకున్నారని చూపిస్తే, దాన్ని ఎవరూ మూయలేరు. చట్టం అంత గట్టిగా ఉంది." ఆమె కళ్లు మెరుస్తున్నాయి. "కానీ వాళ్లు కూడా పదిమంది సాక్షులను తెస్తారు. మాటకు మాట అయిపోతుంది. మాట కాకుండా ఇంకేమైనా కావాలి. పాత ఫోటో, పాత కాగితం, ఏదైనా. రేపు కేసు వేస్తాను, శుక్రవారం విచారణ అడుగుతాను. ఆలోపు వెతకండి. ఇంట్లో మూలమూలా వెతకండి!"

ఇద్దరూ వకాలత్ మీద పేరు పెట్టారు. తాహెరా సంతకం చేసింది, సుక్కమ్మ వేలిముద్ర వేసింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని తాహెరా బుర్ర బద్దలు కొట్టుకుంది. ఫోటో... ఎవరి దగ్గరుంటుంది ఫోటో? ఆ రోజుల్లో బాటను ఫోటో తీసే పిచ్చివాడెవడు?

పక్కన సుక్కమ్మ తన ధోరణిలో తాను మాట్లాడుతూనే ఉంది. "రెండేండ్లంట, రెండేండ్లు! నా పెండ్లి బండి గా బాట మీదనే వచ్చింది. మా ఆయన పోతే గా బాట మీదనే తీస్కపోయిండ్రు. నీ పెండ్లప్పుడైతే ఎంత లొల్లి! బ్యాండేంది, పటాకులేంది, గుర్రమేంది, గా క్యామెరా పట్టుకోని ఎనకకు నడుసుకుంట వీడియో తీసిన పిల్లగాడేంది..."

"వీడియో!" అని తాహెరా ఒక్క అరుపు అరిచింది.

బస్సంతా తిరిగి చూసింది. కండక్టరమ్మ ఈల నోట్లో పెట్టుకుని, "ఎవరన్నా దిగాల్నా?" అంది.

"వద్దు, వద్దు, జల్దీ పోనియ్యండ్రి!" అంది తాహెరా. సుక్కమ్మ రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. "సుక్కవ్వా, నీ నోట్లె చక్కెర పొయ్యాలె! బరాత్! మా బరాత్ మొత్తం గా బాట మీదనే పోయింది గద!"

*

ఇంటికి రాగానే తాహెరా వహాబ్‌ను పట్టుకుంది. అతను మేకలకు ఆకు వేస్తున్నాడు.

"సునో జీ, మన పెండ్లి క్యాసెట్ ఏది?"

వహాబ్ చేతిలో కొమ్మ ఆగింది. "ఏ క్యాసెట్?" అన్నాడు. తర్వాత, "అది ఎప్పుడో ఖరాబైంది అని చెప్పిన గద," అన్నాడు. ఆ తర్వాత, "ఎలుకలు కొట్టినయ్," అన్నాడు.

ఖరాబైందో, ఎలుకలు కొట్టాయో తేల్చుకోలేని మొగుడి ముఖం వైపు తాహెరా కన్నార్పకుండా చూసింది. వహాబ్ చెవులు ఎర్రబడ్డాయి.

సంగతి ఏమిటంటే, బరాత్ పెద్ద గుండు దగ్గరికి వచ్చినప్పుడు ఎవరో పటాకుల సరం అంటించారు. గుర్రం బెదిరి ముందుకాళ్లు లేపింది. పెళ్లికొడుకు జారి కింద పడ్డాడు. చూసినవాళ్లు చూశారు, నవ్వినవాళ్లు నవ్వారు, నాలుగు రోజుల్లో మరచిపోయారు. కానీ క్యాసెట్ వచ్చాక స్టూడియోలో ఒక్కసారి చూసుకున్న వహాబ్‌కు ప్రాణం పోయినంత పనయింది. కొత్త పెళ్లాం ఇది చూడకూడదనుకున్నాడు. ఎక్కడో దాచాడు, పాడైందని చెప్పాడు. ఇరవై ఆరేళ్లుగా అదే మాట మీద ఉన్నాడు.

"కింద పడ్డది నాకు తెల్వదా?" తాహెరా నవ్వు ఆపుకోలేకపోయింది. "నిఖా నాడే నీ అక్క నాకు చెప్పింది. నువ్వు పడ్డ జాగనే గిప్పుడు మనకు కావాలె జీ! గుండు పక్కన పడ్డవు. గుండు గాడనే ఉన్నది. గింతకంటె పక్కా సబూత్ ఏముంటది?"

వహాబ్ చేతిలోని కొమ్మను మేకల ముందు పడేశాడు. "కోర్టుల అందరి ముంగట చూపెడ్తరా?"

"చూపెట్టాలె గద మరి."

అతను చేతులు దులుపుకున్నాడు. "కీసరల ఉన్నది. సుమేరా ఆపా కాడ."

బుధవారం తెల్లవారగానే పాలు పోసి వచ్చి, భార్యాభర్తలు బండి మీద కీసర పోయారు. వహాబ్ అక్క సుమేరా వాళ్లను చూసి గుమ్మంలోనే, "ఏమైంది? అందరు మంచిగున్నరా?" అని కంగారుపడింది. క్యాసెట్ కోసం వచ్చామని తెలిసేసరికి కడుపు పట్టుకుని నవ్వింది.

"ఇన్నేండ్లకు అడిగినవు రా వహాబ్! నువ్వు ఎవ్వరికి కనపడకుండ దాసిపెట్టు, లేకుంటె బావిల పడెయ్యి అని ఇచ్చిపోయినవు. అమ్మ ఉన్నది అండ్ల, ఎట్ల పడేస్త?" అంటూ బీరువా అడుగు నుంచి పాత దుపట్టాలో చుట్టిన నల్ల డబ్బా తీసింది. దాన్ని కళ్లకు అద్దుకుని తాహెరా చేతిలో పెట్టింది. "పైలం. మా అమ్మను మళ్ల నాకు తెచ్చియ్యాలె."

తాహెరా ఆ డబ్బాను దారి పొడుగునా కడుపుకు హత్తుకుని కూర్చుంది.

*

గురువారం మేడ్చల్ మార్కెట్లో పరమేష్ స్టూడియో. పాత క్యాసెట్లను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించే మిషన్ ఇంకా ఆయన దగ్గర ఉంది. డబ్బా మూత తీసి లేబులు మీది రాత చూడగానే కళ్లద్దాలు పైకి లేపాడు.

"ఇది నా రాతే! ఊటబాయి పెండ్లి... గుర్రం..." అతని చూపు మెల్లగా వహాబ్ మీదకు తిరిగింది. "అన్నా, నువ్వేనా?"

"నేనే," అని వహాబ్ బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాడు.

టేపు మీద తెల్లగా బూజు పట్టి ఉంది. పరమేష్ మొదటిసారి మిషన్లో పెట్టగానే కరకరమని ఆగిపోయింది. తాహెరా మిషన్ మీదికి వంగింది. పరమేష్ చెయ్యి ఎత్తి, "పరేషాన్ గాకు చెల్లే," అన్నాడు. స్క్రూలు విప్పి, టేపు చుట్టను బయటికి తీసి, మెత్తటి గుడ్డతో జానెడు జానెడు తుడవడం మొదలుపెట్టాడు. గంట గడిచింది. గంటన్నర గడిచింది. కోర్టులో భోజన విరామం దొరకగానే సుస్మిత స్కూటీ వేసుకుని వచ్చేసింది. తుడవడం అయింది, స్క్రూలు బిగిశాయి, క్యాసెట్ లోపలికి పోయింది.

తెర మీద చీమలు పాకాయి. గీతలు పరుగెత్తాయి. ఉన్నట్టుండి బ్యాండు మోగింది!

మూలన తెల్ల అంకెల్లో తేదీ ఉంది: 7-2-1999. ఎర్ర కోటు బ్యాండు వాళ్లు, వెనక గుర్రం మీద ముఖానికి పూల సెహ్రా కట్టుకున్న సన్నటి పిల్లవాడు, అతని పక్కన నడుస్తున్న తాహెరా అత్త. పోయి పన్నెండేళ్లయిన మనిషి, చేతులు తిప్పుతూ నవ్వుతోంది. నల్లజుట్టు సుక్కమ్మ చంటిపిల్లను చంకనేసుకుని బ్యాండుకు అడ్డం పడుతోంది. వాళ్లందరి కాళ్ల కింద, రెండు చక్రాల జాడలతో, వెడల్పాటి బాట!

"బాట!" అంది తాహెరా. "మేడం, బాట!"

కెమెరా తిరిగింది. పెద్ద గుండు వచ్చింది. రంగు లేదు, పేరు లేదు, నల్లగా నిగనిగలాడుతోంది. దాని నడుమ పైనుంచి కిందికి పగులు కూడా కనిపిస్తోంది. టపటపమని పటాకులు పేలాయి. గుర్రం లేచింది. సెహ్రా పూలతో సహా పెళ్లికొడుకు గుండు పక్కన దభీమని పడ్డాడు. షాపులో ఉన్నవాళ్లందరూ గొల్లుమన్నారు.

"ఆపండి! ఆపండి!" సుస్మిత కుర్చీలోంచి లేచిపోయింది. "కొంచెం వెనక్కి తిప్పండి. ఆ వెనకాల చూడండి. అక్కడ!"

కింద పడ్డ పెళ్లికొడుకు వెనక, ఎదురుగా వస్తున్న ఎడ్లబండి పక్కకు తప్పుకుంటోంది. దాన్ని ఒరుసుకుంటూ చుట్టాల జీపు ముందుకు పోతోంది. బండి, జీపు, ఒకే బాట మీద, పక్కపక్కన.

"పన్నెండు అడుగులైనా ఉంటే తప్ప పట్టవు!" సుస్మిత చప్పట్లు కొట్టినంత పని చేసింది. "తేదీ ఉంది, గుండు ఉంది, వెడల్పు ఉంది. పరమేష్ గారూ, ఇది మీరే తీశారని, మీ మిషన్ మీదే ఎక్కించారని రాసి సంతకం పెట్టాలి. రేపు కోర్టుకు రావాలి. వస్తారా?"

"రాకుంటె ఎట్ల మేడం? నా పని మీద కోర్టుల సినిమా నడుస్తదంటే!"

తాహెరా బయటికి వచ్చింది. వహాబ్ ఇంకా మెట్ల మీదే ఉన్నాడు. అతని పక్కన కూర్చుని, "అమ్మీ ఉన్నది అండ్ల," అంది మెల్లగా. "నీ పక్కనే నడుస్తాంది. నువ్వు పడంగనే అందరికంటే ముందు ఉరికింది."

వహాబ్ కాసేపటికి లేచి, చెప్పులు విడిచి, తానే లోపలికి పోయాడు.

*

శుక్రవారం కోర్టు హాలు కిక్కిరిసి ఉంది. కంపెనీ వకీలు పెద్దాయన, గొంతు గట్టిది. అక్కడ బాటన్నదే లేదనీ, నక్షాలో గీత కూడా లేదనీ, రెండేళ్లుగా కంపెనీ దయతలచి నడవనిస్తే దాన్నే హక్కు అంటున్నారనీ వాదించాడు. తాహెరా గోడకు ఆనుకుని నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

సుస్మిత లేచింది. ఆమె గొంతు పెద్దదేం కాదు. కానీ ఒక్క మాటా తడబడలేదు. సుక్కమ్మ అఫిడవిట్ చదివింది, పరమేష్ సర్టిఫికెట్ ఇచ్చింది, ల్యాప్‌టాప్‌ను జడ్జి గారి బల్ల మీద పెట్టడానికి అనుమతి అడిగింది. కంపెనీ వకీలు అభ్యంతరం చెప్పాడు. జడ్జి గారు దాన్ని నమోదు చేసుకుని, వీడియో చూస్తామన్నారు.

హాల్లో బ్యాండు మోగింది. వాయిదాల కోసం ఎదురుచూస్తున్నవాళ్లంతా మెడలు సాచారు. పటాకులు పేలాయి. దభీమన్న చప్పుడు. జడ్జి గారు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ చెయ్యి తీయడానికి కొంచెం టైం పట్టింది.

"పడినది ఎవరు?"

వెనక నుంచి వహాబ్ చెయ్యెత్తాడు. "నేనే సార్."

హాలంతా నవ్వు. ఈసారి వహాబ్ తల దించుకోలేదు.

"ఆ బండ ఇప్పుడు ఎక్కడుంది?"

"గాడనే ఉన్నది సార్. దాని మీద వెంచరోళ్లు పేరు రాసుకున్నరు. నడుమ పగులు గట్లనే ఉన్నది."

సుస్మిత వెంటనే రెండు ఫోటోలు ముందుపెట్టింది. ఒకటి వీడియోలోంచి తీసింది, ఇంకొకటి ఆ పొద్దుటే తాహెరా ఫోన్‌తో తీసింది. అదే గుండు, అదే పగులు. జడ్జి గారు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. కంపెనీ వకీలు వైపు తిరిగి, "రెండేళ్లు అన్నారు," అన్నారు. అంతకు మించి ఆయనను ఏమీ అడగలేదు.

ఆర్డరు చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. కేసు తేలే దాకా బాటను ఎవరూ మూయకూడదు. ఇప్పటికే అడ్డంగా వేసిన పలకలను బాట వెడల్పు మేరకు తీసేయాలి. కోర్టు కమిషనర్ ఆదివారం వచ్చి స్థలం చూసి, కొలిచి నివేదిక ఇవ్వాలి.

తాహెరాకు కోర్టు ఇంగ్లీషు అర్థం కాలేదు. సుస్మిత ముఖం చూస్తే అర్థమైంది. అంతలో చేతిలో ఫోన్ అదిరింది. ఇంటి దగ్గర కాపలా ఉన్న సుక్కమ్మ.

"తాహెరా! సందు మూసెటందుకు పలకలు దించుతున్నరు! నేను మంచమేసుకోని అడ్డం కూసున్న. జల్దీ రాండ్రి!"

"లేవకు సుక్కవ్వా! గాడనే కూసో! ఆర్డర్ వచ్చింది, మనదే, మనదే!"

ఆర్డరు కాపీ చేతికొచ్చే ముప్పావు గంట ముప్పై గంటల్లా గడిచింది. ముద్ర పడీ పడగానే వహాబ్ బండి స్టార్టు చేశాడు, తాహెరా వెనక ఎక్కింది, వాళ్ల వెనకే సుస్మిత స్కూటీ. మేకలకు కూడా దారి ఇచ్చి నడిపే వహాబ్, ఆ రోజు మేడ్చల్ నుంచి ఊటబాయి దాకా ఎవరికీ దారి ఇవ్వలేదు. "జల్దీ జీ, జల్దీ!" అని వెనక నుంచి తాహెరా వీపు మీద కొడుతూనే ఉంది. గాలికి ఆర్డరు కాపీ ఎగిరిపోకుండా జాకెట్టులోకి దోపుకుంది.

పెద్ద గుండు దగ్గర నలుగురు కూలీలు పలకను ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. సందులో నవారు మంచం. మంచం మీద సుక్కమ్మ, కాళ్లు చాపుకుని.

"అవ్వా, లెవ్వవే, మా చేతులు గుంజుతున్నయ్," అంటున్నాడు ఒక కూలీ.

"గుంజితే కింద పెట్టు బిడ్డా. నిన్ను ఎత్తమని నేను చెప్పిన్నా?"

తాహెరా బండి ఆగకముందే దూకి ఆర్డరు కాపీని వీరేందర్ చేతికి ఇచ్చింది. వీరేందర్ అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. సుస్మిత హెల్మెట్ తీసి ఒక్కొక్క లైనూ తెలుగులో చదివి వినిపించింది. అతను పక్కకు పోయి కంపెనీ వకీలుకు ఫోన్ చేశాడు. "ఊ... ఊ... సరే సార్," అన్నాడు. వెనక్కి వచ్చి కూలీలకు చెయ్యి ఊపాడు.

"దించుండ్రి. దించి, గా రెండు దిక్కుల పలకలు గూడ తీసెయ్యుండ్రి."

ఎవరు ముందు అరిచారో తెలియదు. ఊటబాయి ఇళ్లలోంచి జనం ఉరికి వచ్చారు. ఆడవాళ్లు సుక్కమ్మను మంచంతో సహా ఎత్తారు. "పడేస్తరే, పడేస్తరే!" అని ఆమె అరుస్తూనే నవ్వుతోంది. ఒక్కొక్క పలక బయటికి వస్తుంటే పెళ్లి జరుగుతున్నంత సందడి. వీరేందర్ తాహెరా దగ్గరికి వచ్చి, మొహమాటంగా, "రేపు పాలు పోస్తవా అక్కా?" అన్నాడు.

"నీ మీద నాకేం కోపం? పోస్త తియ్యి," అంది తాహెరా. అప్పుడు ఎవరి మీదైనా కోపం తెచ్చుకుందామన్నా ఆమెకు రాలేదు.

ఆదివారం కమిషనర్ వచ్చి టేపు పట్టి కొలిచాడు. గుండు దగ్గర పదమూడు అడుగులు తేలింది. నివేదిక చూశాక కంపెనీ గొంతు తగ్గింది, రాజీకి వస్తామంది. సెప్టెంబరులో జరిగిన లోక్ అదాలత్‌లో రెండు పక్షాలూ కూర్చున్నాయి. కంపెనీ వాళ్లు పది అడుగులు ఇస్తామన్నారు.

తాహెరా సుస్మిత వైపు చూడకుండానే, "ట్యాంకరు, బర్ల బండి ఎదురెదురుగ వస్తే పది అడుగులు ఎట్ల సరిపోతయ్ సార్? మీరే వచ్చి నడుపుండ్రి, చూస్త," అంది. పదహారు అడుగుల దగ్గర తేలింది. గేటు ఉండదు, తాళం ఉండదు, పద్దెనిమిది ఇళ్లకూ శాశ్వత హక్కు. ఆ ఒప్పందం కోర్టు తీర్పుతో సమానమనీ, దాని మీద ఇక అప్పీలు కూడా ఉండదనీ సుస్మిత చెప్పింది. తాహెరా సంతకం పెట్టింది. పక్కనే సుక్కమ్మ వేలిముద్ర వేసింది.

వారం తిరక్కముందే ఊటబాయి వాళ్లు తలా ఒక పూట పని మానుకుని బాటకు మొరం తోలించారు. ఆరు ట్రాక్టర్లు. వానకు గుంటలు పడ్డచోట్లన్నీ నింపి, నీళ్లు చల్లి తొక్కారు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి, ఎప్పుడూ రోడ్డు మీదే ఆగే స్కూలు బస్సు మొదటిసారి లోపలికి వచ్చింది. మలుపు తిప్పడానికి డ్రైవరు కొంచెం తంటాలు పడ్డాడు. తాహెరా బస్సు వెనక నిలబడి, చెయ్యి ఊపుతూ, "రానీ... రానీ... ఇంక మస్తు జాగ ఉన్నది, రానీ!" అని అరిచింది.